ఎడమవైపు పక్షపాతం

జిల్లాలు విడదీసిన సంవత్సరం జూన్ మొదటి వారంలో నన్ను గోదావరి డెల్టాలోని ఒక ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. సీనియర్ అన్న మాటే గాని అక్కడ జూనియర్ అంటూ ఎవరూ లేరు. ఊరి పేరు రాయడం లేదు. అప్పటి సూపరింటెండెంటు గారు ఇంకా సర్వీసులోనే ఉన్నారు, ఈ వ్యవహారంలో తన మాటలు అచ్చులో చూసుకోవడం ఆయనకు నచ్చకపోవచ్చు.

నాకిచ్చిన గది అంతకుముందు మందుల స్టోరు. అందులో ఒక వెడల్పాటి బల్ల, నడుమెత్తున రెండు సమాంతర ఇనుప కడ్డీలు, ఒక నిలువెత్తు అద్దం ఉండేవి. రోగి ఆ కడ్డీల మధ్య నిలబడి, రెండు చేతులతో పట్టుకుని అడుగులు వేయడం నేర్చుకుంటాడు. అద్దం నడిమధ్యన పైనుంచి కిందిదాకా ఎర్ర టేపు నేనే అంటించాను. జనం నన్ను కసరత్తు డాక్టరమ్మగారు అనేవారు. నేను డాక్టరును కానని, నా పని కసరత్తు కాదని మొదటి పదేళ్లు అందరికీ చెప్పాను. తరువాత ఓపిక పోయి మానేశాను. కాగితం మీద మాత్రం ఒక్క మాట అటూ ఇటూ అయినా ఊరుకునేదాన్ని కాదు. కేసు షీటులో 'కాలు నొప్పి' అని రాసి ఏ కాలో రాయని డ్యూటీ డాక్టర్లను వరండాలో నిలబెట్టి అడిగేదాన్ని. నా వెనక ఏమనుకునేవారో నాకు తెలుసు.

జూలైలో వెంకటరత్నం గారు వచ్చారు. అరవై ఆరేళ్ల వర్తకుడు. విత్తనాలు, ఎరువుల దుకాణం. కడియం చుట్టుపక్కల నర్సరీలకు సరుకు ఆయన దగ్గరనుంచే వెళ్లేది. కానీ ఆయనకు పేరొచ్చింది దుకాణం వల్ల కాదు. అన్నదమ్ములు విడిపోయినా, పొలం గట్టు ఒక జానెడు జరిగినా ఆయనను పిలిచి మధ్యలో కూర్చోబెట్టేవారు. ముప్పై ఏళ్లుగా పెద్దమనిషి. ఆయన తీర్పు చెప్పాక టేపు తెచ్చి కొలుచుకోవడం ఆ ప్రాంతంలో మర్యాద కాదు. కొలిచారంటే ఆయన్ను నమ్మలేదని అర్థం. అందుకని ఎవరూ కొలిచేవారు కాదు.

జబ్బు వచ్చింది కూడా తీర్పు చెప్పబోతుండగానే. కడియం దగ్గర పెద్దబ్బులు, చిన్నబ్బులు అనే అన్నదమ్ములకు తండ్రి ఇచ్చిన నర్సరీ ఉంది. మిగతాదంతా సులువుగానే పంచుకుని, తల్లి మొక్కల మడి దగ్గర ఆగిపోయారు. తల్లి మొక్కలంటే అంట్లు కట్టడానికి కొమ్మలిచ్చే చెట్లు. మామిడి, సపోటా, జామ. వాటిని అమ్మరు, అమ్మే మొక్కలన్నీ వాటినుంచే పుడతాయి. తగవు తేలేదాకా ఎవరూ వాటి మీద చెయ్యి వేయకూడదని ఒప్పందం చేసుకున్నారు. వానలు పడ్డాక అంట్లు కట్టే అదను కొద్ది వారాలే ఉంటుంది. అది దాటితే ఆ ఏడు పంపడానికి మొక్కలుండవు, లారీలు పక్క నర్సరీ ముందు ఆగుతాయి. అందుకని తొందరగా తేల్చమని వెంకటరత్నం గారిని కూర్చోబెట్టారు.

షెడ్డులో మధ్యన ఆయన, ఎడమవైపు పెద్దబ్బులు, కుడివైపు చిన్నబ్బులు. ఆయన గొంతు సవరించుకుని కాఫీ ఒక గుక్క తాగారు. పొలమారింది. "ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారండి" అన్నాడట పెద్దబ్బులు. ఇంకో గుక్క తాగారు, మళ్లీ పొలమారింది. తలుచుకుంటున్నది ఎవరై ఉంటారన్న దాని మీద కాసేపు మాటలు నడిచాయి. మూడోసారి పొలమారేసరికి చిన్నబ్బులు ఆయన కూతురికి ఫోన్ చేసి, మీ నాన్నగారిని తలుచుకుంటున్నావా అమ్మా అని అడిగాడట. ఆవిడ లేదంది. అంతలో ఆయన మెల్లగా ఎడమవైపు ఒరిగి పెద్దబ్బులు భుజం మీద తల ఆన్చారు.

చిన్నబ్బులు లేచి నిలబడ్డాడు. "ఇదేం న్యాయమండీ! తీర్పు నోట్లో ఉండగానే అన్నయ్య మీద వాలిపోయారేంటి?" అని అరిచాడు. పెద్దబ్బులు ఆ తలను ఆప్యాయంగా నిమిరాడు. దాంతో గొడవ ముదిరింది. ఆయనకు వాంతి అయ్యేదాకా ఇది జబ్బని ఒక్కరికీ తట్టలేదు. అలా అరగంట పోయింది. ఆ అరగంట కోసం నేను తరువాత అన్నదమ్ములిద్దరినీ విడివిడిగా చీవాట్లు పెట్టాను.

రాజమండ్రిలో స్కానింగ్ తీశారు. మెదడు అడుగున, వెన్నుపాములోకి దిగే కాండం లాంటి భాగంలో ఎడమ పక్కన రక్తం అందక కొంత దెబ్బతింది. పన్నెండు రోజులకు అక్కడినుంచి పంపించేస్తే, ఇంటికి దగ్గరని మా ఆసుపత్రిలో చేర్చారు. గొంతు బొంగురుపోయింది, ఎడమ కనురెప్ప కాస్త వాలింది, మింగుడు అప్పుడప్పుడే దారికొస్తోంది. నేను చేతులు, కాళ్ల బలం పరీక్షించాను. మా లెక్కలో ఐదుకు ఐదు. బల్ల మీద కూర్చోబెట్టి చేతులు వదిలితే మాత్రం మనిషి నేరుగా ఎడమవైపు కూలిపోతున్నారు.

ఇది చదివేవారికి కొంచెం వివరించాలి. మామూలు పక్షవాతంలో బలం పోయిన వైపుకు పడతారు. ఇందులో బలం ఎక్కడికీ పోదు. నిలువు ఏదో చెప్పే లెక్క లోపల తప్పుతుంది. ఒరిగి కూర్చున్నప్పుడు నిటారుగా ఉన్నట్టు, నిటారుగా కూర్చోబెడితే రెండో పక్కకు పడిపోతున్నట్టు రోగికి అనిపిస్తుంది. అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అలా ఉంటుంది. మొదటిరోజు ఆయన బల్ల మీద ఎడమవైపుకు వంగిపోయి కూర్చుని, చాలా మర్యాదగా, "నేను బాగానే ఉన్నానమ్మా. మీరే కాస్త కుడికి వంగి నిలబడ్డారు" అన్నారు.

ఆయన భార్య మాణిక్యాంబ గారు పక్కనే ఉన్నారు. "ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే మాటండి. ఎప్పుడూ ఆయన సరి, మేం వంకర" అన్నారు.

మూడో రోజున మాణిక్యాంబ గారే ఒక కాగితం అడిగారు. ఆయన పెద్దబ్బులు మీద వాలింది జబ్బు వల్లేనని తెలుగులో రాసిస్తే చిన్నబ్బులుకి పంపిస్తామన్నారు. తప్పులేదు. నియమం ప్రకారం నివేదిక నేను తయారుచేసి సంతకం పెడతాను, సూపరింటెండెంటు గారు కింద సంతకం పెట్టి గుండ్రటి సీలు వేస్తారు. జబ్బు అసలు పేరు రాస్తే నర్సరీలో ఎవరికీ అర్థం కాదు. అందుకని నా అలవాటుకు విరుద్ధంగా, కచ్చితమైన మాట వదిలేసి, పక్షవాతం అని కొట్టమని మా డేటా ఎంట్రీ ఆపరేటరు నాగమణికి చెప్పాను.

తెలుగులో వకూ పకూ తేడా తల దగ్గర చిన్న ఎడం. నాగమణి పదకొండేళ్లుగా అవుట్‌సోర్సింగ్‌లో పనిచేస్తోంది, కళ్లజోడు మార్పించుకోవడానికి సెలవు దొరకలేదని అప్పటికి ఆరు నెలలుగా చెబుతోంది. ఆమె కొట్టిన కాగితం ఇలా ఉంది: "శ్రీ వెంకటరత్నం గారికి ఎడమవైపు పక్షపాతము ఉన్నదని ధ్రువీకరించడమైనది. వ్యాయామము వలన ఇది క్రమముగా తగ్గు అవకాశము కలదు. అంతవరకు కుడివైపున ఒక మనిషి పట్టుకొని ఉండవలెను."

నేను చదివే సంతకం పెట్టాను. చదివాననే ఇప్పటికీ నా నమ్మకం. సూపరింటెండెంటు గారు చదవకుండా పెట్టారు. మాణిక్యాంబ గారు ఫోటో తీసి వాట్సాప్‌లో అన్నదమ్ములిద్దరికీ పంపించారు. సాయంత్రానికి కడియంలో ప్రతి నర్సరీలోనూ ఆ కాగితం చూశారు. చిన్నబ్బులు కలర్ ప్రింటు తీయించి లామినేషన్ చేయించాడు.

మర్నాడు అతను దాన్ని పట్టుకుని నా గదికి వచ్చాడు. కోపంగా కాదు, ఆఫీసులో పని ఉన్నవాడిలా వచ్చాడు. "అన్నీ బాగానే రాశారు మేడమ్ గారూ. ఇది ఎప్పట్నించి ఉందో రాయలేదండి. మా నాన్నగారి టైములో కూడా ఉందంటే పాత తగవులు రెండు తిరగదోడాలండి" అన్నాడు. నేను కాగితం తీసుకుని చూశాను. ఈసారి కనపడింది. అంత సిగ్గు నాకు ఉద్యోగంలో అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆ తరువాతి రోజు పెద్దబ్బులు వచ్చాడు. రెండు క్రోటన్ కుండీలు బల్ల కింద పెట్టి, వ్యాయామం ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. ఆరు వారాలు అన్నాను. "తొందరేముందండీ, పెద్దాయన, మెల్లగానే తగ్గించండి. ముందు తీర్పు అయిపోనివ్వండి" అన్నాడు. కుండీలు వెనక్కి పట్టించాను.

తప్పును సరిదిద్దడానికి సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్లాను. సవరణ పత్రం ఇవ్వవచ్చు. 'పక్షపాతము అని ఉన్నచోట పక్షవాతము అని చదువుకొనవలెను' అని ఒక్క వాక్యం చాలు. ఆయన ఫైలు తెప్పించుకుని మొదటిసారి కేసు షీటు మొత్తం చదివారు. చేతులు, కాళ్లు ఐదుకు ఐదు అని నేనే రాశాను.

"బలం పూర్తిగా ఉన్న మనిషికి పక్షవాతమని నేనెలా సంతకం పెట్టనండీ?" అన్నారు.

"మొదటిదానికి పెట్టారు కదా సార్" అన్నాను.

"మొదటిదాంట్లో పక్షవాతం అని లేదు కదా!"

పోనీ మొదటి కాగితాన్ని రద్దు చేయమంటే, అసలు ప్రతి వెనక్కి వస్తే తప్ప రద్దు కుదరదన్నారు. అసలు ప్రతి కూడా అప్పటికే చిన్నబ్బులు చేతికి చేరింది. మాణిక్యాంబ గారే, నమ్మకం కుదురుతుందని, దుకాణం మనిషి చేత పంపించారు. చిన్నబ్బులేమో ఇవ్వనన్నాడు. అంటే తప్పు కాగితం చెల్లుతుంది, సరైన కాగితం పుట్టదు. నాగమణి మాత్రం ఈ గొడవంతా విని, పక్షమంటే వైపు, పాతమంటే పడటం కాబట్టి తాను కొట్టిందే వైద్యపరంగా సరైనదని వాదించింది. ఆలోచిస్తే ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది.

ఇదంతా వెంకటరత్నం గారికి తెలియనివ్వకూడదనుకున్నాం. వార్డులో పక్క మంచం మనిషి ఫోన్‌లో చూపించాడు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆ రోజు కడ్డీల మధ్య నిలబడటానికి రాలేదు. నేనే మంచం దగ్గరకు వెళ్లి, తప్పు నాదని చెప్పి క్షమించమన్నాను. "నడక రాకపోతే చక్రాల కుర్చీలో తిరుగుతానమ్మా. దుకాణం అబ్బాయి చూసుకుంటాడు. పక్షపాతి అన్న మాట మిగిలిపోతే మాత్రం నేను ముప్పై ఏళ్లు కూర్చున్న కుర్చీలన్నీ పోయినట్టే" అన్నారు. నర్సరీలో అదను గడిచిపోతోందని, తానే వెళ్లి తీర్పు చెప్పాలని, అదీ ఎటూ ఒరగకుండా కూర్చుని చెప్పాలని అన్నారు. ఎన్ని రోజుల్లో అలా కూర్చోబెట్టగలరని అడిగారు. కనీసం ఒక గంట ఎవరూ పట్టుకోకుండా కూర్చోవాలంటే నాలుగు వారాలు కావాలన్నాను. మూడు చేయమన్నారు.

మా పనిలో ఇలాంటి రోగిని వెనక్కి నెట్టకూడదు. నెడితే వాళ్లు ఎదురు నెడతారు. నిలువు గీతను వాళ్లంతట వాళ్లే వెతుక్కోవాలి. రోజూ ఉదయం ఆయనను అద్దం ముందు కూర్చోబెట్టి, ముక్కును, చొక్కా గుండీలను ఎర్ర టేపు మీదకు తెచ్చుకోమనేదాన్ని. తరువాత కుడివైపు గోడ పక్కన నిలబెట్టి, చూపుడు వేలి కొన గోడకు ఆన్చమనేదాన్ని. బరువు వేయకూడదు, ఊరికే తగిలితే చాలు. ఆ తగలడం వల్ల ఒళ్లు ఎటు పోతోందో తెలుస్తుంది. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, వెనకనుంచి ఆ పట్టీ మీద నేను చెయ్యి వేసి ఉండేదాన్ని. మొదటి వారం ఆయన గుండీలు టేపు మీదకు వచ్చిన ప్రతిసారీ, "పడిపోతున్నానమ్మా, పడిపోతున్నా" అని కేకలు పెట్టేవారు. బయట ఓపీ క్యూలో ఉన్నవాళ్లు తలుపు తోసి చూసేవారు. నిటారుగా, కదలకుండా కూర్చుని పడిపోతున్నానని అరుస్తున్న మనిషి వాళ్లకు కనపడేవాడు.

రెండో వారం మధ్యలో ఒక రోజు ఆయన అరవడం ఆపేశారు. అద్దంలోకి చాలాసేపు చూసి, "నాకు సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తే ఒరిగినట్టు. పడిపోతున్నట్టు అనిపిస్తే నిటారుగా ఉన్నట్టు. అంతేనామ్మా?" అని అడిగారు.

ప్రస్తుతానికి అంతేనండి అన్నాను.

"ఇది జబ్బు వచ్చాక మొదలైందే అంటారా?"

స్కానింగ్ చూసి చెబుతున్నాను, అంతకుముందు ఉండే అవకాశం లేదన్నాను. "నేను అడిగింది తలకాయ గురించి కాదులెండి" అన్నారు. మర్నాడొక్కరోజు అద్దం వద్దన్నారు. ఆ మనిషి ముఖం చూస్తే నాకు భయం వేసింది. ఒరిగిన ఒంటిని నిలబెట్టడం నాకు వచ్చు. తన పాత తీర్పులన్నీ ఒక్కొక్కటిగా తీసి చూసుకుంటున్న మనిషిని ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

శ్రావణంలో ఒక శుక్రవారం నేను అరపూట సెలవు పెట్టి ఆయనతోపాటు కారులో కడియం వెళ్లాను. ఆసుపత్రి అద్దం తీసుకెళ్లడానికి సూపరింటెండెంటు గారు గేటు పాసు ఇవ్వలేదు. అది ప్రభుత్వ ఆస్తి. షెడ్డులో చేతులున్న చెక్క కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టాను. కూర్చోబెట్టానో లేదో అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఎడమవైపుకు పరిగెత్తారు. ఎడమవైపు కూర్చుంటే గెలుపు ఖాయమని కాగితం చెబుతోంది మరి. ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఇద్దరూ చెరిసగం కూర్చున్నారు. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరికీ ఇది వింతగా అనిపించలేదు. ఇద్దరినీ లేపి ఆయనకు ఎదురుగా పక్కపక్కన కూర్చోమన్నాను. "రత్నం గారి ఎడమా, మన ఎడమా?" అని చిన్నబ్బులు అడిగాడు. ఆ కొలత మీద పది నిమిషాలు పోయింది.

అద్దం కావాలన్నాను. పెద్దబ్బులు ఇంట్లోంచి అద్దం తలుపున్న ఇనుప బీరువాను నలుగురు మోసుకొచ్చి, మొక్కల మధ్య నిలబెట్టారు. అన్నయ్య బీరువాను తాను నమ్మనని చిన్నబ్బులు తన బీరువా కూడా తెప్పించాడు. వానకు నేల మెత్తబడింది. రెండు బీరువాలూ తలో పక్కకూ దిగబడ్డాయి. వెంకటరత్నం గారు అటు చూస్తే ఒకలా, ఇటు చూస్తే ఇంకొకలా ఒరిగి కనపడుతున్నారు. రెండిట్లో ఏది నేనని ఆయన నన్ను అడిగారు. ఏదీ కాదన్నాను. బీరువాలను పక్కకు తీయించి, షెడ్డు దూలానికి పురికొస కట్టించి, చివర ఒక చిన్న మట్టి కుండీ వేలాడదీయించాను. మాకు కావలసింది నిలువు గీత, అంతే. కుండీ గాలికి ఊగకుండా చూసే పని అన్నదమ్ములిద్దరికీ అప్పగించాను. ఇద్దరూ చెరో పక్కన గొంతుక్కూర్చుని, ఊపిరి బిగబట్టి కుండీని చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు గొడవ లేకుండా గడిచిన సమయం అదొక్కటే.

ఆయన పురికొసను చూస్తూ గుండీల వరుస దానికి సూటిగా వచ్చేలా సర్దుకున్నారు. గంట కూర్చున్నారు. ఒక్కసారి కూడా పట్టుకోవలసిన అవసరం రాలేదు. నేను పట్టీ మీద చెయ్యి వేసి ఉంచాను గాని అది అలవాటు కొద్దీ. అప్పుడు లేచి మడి దగ్గరకు నడుస్తానన్నారు. నలభై అడుగులు పట్టింది. కుడిచేతి వేలి కొన వెదురు కంచెకు తగిలిస్తూ నడిచారు.

మడి అంచున నిలబడి ఆయన చెప్పిన మాటలు నాకు దాదాపు అలాగే గుర్తున్నాయి. "ఆరోజు నేను చెప్పబోయిన గీత తూము దగ్గర్నించి మోటారు షెడ్డు దాకా. నాకు అది నిక్కచ్చిగా సగం అనిపించింది. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. మా నలుగురు అన్నదమ్ముల్లో నేను పెద్దవాణ్ణి. పెద్దవాడి బాధ నాకు తెలుసు, చిన్నవాడి బాధ నాకు తెలీదు. కాబట్టి నాకు సగం అనిపించింది సగం అయ్యుండదు. గుంజ పట్టుకుని పెద్దబ్బులు వైపు జరగండి."

ఇద్దరు కూలీలు గుంజ పట్టుకుని జరిగారు. ఆయన ఆగమనలేదు. ఇంకొక అడుగు అన్నారు. ఇంకొక అడుగు. పెద్దబ్బులు, "రత్నం గారూ, ఇది మరీ అన్యాయమండి" అన్నాడు. "నాకూ అలాగే ఉంది. పడిపోతున్నట్టుంది. ఇంకొక్క అడుగు" అన్నారు ఆయన. తరువాత, "ఆ, అక్కడ పాతండి. ఇప్పుడు లెక్కపెట్టండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఆయన చెప్పాక లెక్కపెట్టడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఆయన గొంతు పెంచి మళ్లీ చెప్పారు. అన్నదమ్ములు విడివిడిగా లెక్కపెట్టారు. కొత్త గీతకు ఇటూ అటూ మూడు చెట్ల తేడా వచ్చింది. పాత గీత ప్రకారం కూడా లెక్కపెట్టమన్నారు. దాని ప్రకారమైతే చిన్నబ్బులు వైపు నలభై చెట్లు తక్కువ. వెంకటరత్నం గారు ఆ నలభై అన్న అంకెను రెండుసార్లు చెప్పించుకున్నారు. మూడు చెట్ల మీద అన్నదమ్ములు సాయంత్రం దాకా వాదించుకుని, మర్నాటినుంచి అంట్లు కట్టడం మొదలుపెట్టారు.

తిరిగి వస్తూ ఆయన ద్రాక్షారామం మీదుగా పోనివ్వమని డ్రైవరుకు చెప్పారు. గుడికి కాబోలు అనుకున్నాను. కారు గుడి దాటి ఒక సందు మొగలో ఆగింది. అక్కడ సత్యవతి అని ఒకావిడ చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతోంది. భర్త పోయాక, ఆవిడ ఇంటికి వీధిలోంచి ఉన్న నడవ దారి మీద బావగారితో, అంటే భర్త అన్నగారితో, తగవు వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట వెంకటరత్నం గారు ఆ దారి బావగారికి ఇచ్చారు. అప్పటినుంచి ఆవిడ నాలుగు ఇళ్ల వెనకగా చుట్టు తిరిగి వీధిలోకి వస్తోంది. ఇదంతా ఆయన కారులో నాకు చెప్పారు. మేమూ ఆ చుట్టుదారినే వెళ్లాం. బురదలో ఆయనను పట్టీ పట్టుకుని నడిపించడానికి చాలాసేపు పట్టింది. ఆ దారి ఎంత పొడుగో ఆయనకు ఆరోజే తెలిసింది.

ఆవిడ మిషను ఆపి లేచి నిలబడింది. ఆయన గుమ్మం పట్టుకుని, "ఆరోజు నేను సరిగ్గా సగానికే చెప్పాననుకున్నానమ్మా. ఒరిగానని నాకు తెలీలేదు" అన్నారు.

"ఆ సంగతి ఆరోజే ఊళ్లో అందరికీ తెలుసండి. మీ ఒక్కరికే తెలీదు" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. స్టూలు ముందుకు జరిపి, ఆయన కూర్చున్నాక కాసేపు చూసి, "కాస్త ఎడమకి వాలుతున్నారు, సర్దుకోండి" అంది.

ఆయన సర్దుకున్నారు.

ఆ దారి తెరిపించడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. బావగారు సగమే వదిలారు. సైకిలు పడుతుంది, ఆటో పట్టదు. వెంకటరత్నం గారు ఆ తరువాత కూడా తగవులకు వెళ్లారు గాని, కొలత టేపు తెచ్చుకుంటేనే కూర్చుంటానని ముందే చెప్పేవారు. కొందరు అది నచ్చక ఆయనను పిలవడం మానేశారు.

నాకు వృత్తిలో ఈ కేసు నేర్పింది ఒకటే. ఒరిగిన మనిషిని నిటారుగా ఉన్నావా అని అడగకూడదు, ఎదురుగా ఉన్నవారిని అడగాలి. ఇది నేను పాఠ్యపుస్తకంలో చదివిందే, రోగుల విషయంలో ముప్పై ఏళ్లు పాటించిందే. నాకు నేను ఎన్నడూ వర్తింపజేసుకోలేదు. ఆ ఏడాదినుంచి పదవీ విరమణ దాకా నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు మరొకరి చేత పైకి చదివించాను. నేను సరిగ్గా చదవనని కాదు. సరిగ్గా చదివానని నాకు అనిపించడం సరిపోదని.